పెద్దవాళ్లకు అన్నవాహికలో ఏదైనా ఇరుక్కుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చేప ముల్లు, మాంసం ముక్క, కట్టుడు పన్ను, మాత్రల రేకు ముక్క. అరవై, డెబ్బై దాటినవాళ్లున్న ఇంట్లో ఇవి మామూలు వస్తువులే, కానీ అన్నవాహికలో ఇరుక్కునేవి కూడా ఎక్కువగా ఇవే. మీ ఇంట్లో ఇప్పుడే ఎవరికైనా ఇలా జరిగి ఉంటే రెండో ప్రశ్నకు జవాబు ఒక్కటి చదివి బయలుదేరండి. మిగతావి ఆసుపత్రి వరండాలో కూర్చుని చదువుకోవచ్చు.

గొంతుకు అడ్డం పడడం, అన్నవాహికలో ఇరుక్కోవడం ఒకటేనా?

కాదు. గొంతు నుంచి రెండు గొట్టాలు కిందికి దిగుతాయి. ముందున్నది గాలి వెళ్లే శ్వాసనాళం. దాని వెనక, వెన్నెముకకు ఆనుకుని ఉన్నది తిన్నది పొట్టలోకి దిగే అన్నవాహిక.

ముద్ద శ్వాసనాళానికి అడ్డం పడితే మనిషి మాట్లాడలేడు, దగ్గలేడు, చేతులతో మెడ పట్టుకుంటాడు, పెదవులు నీలం తిరుగుతాయి. అప్పుడు ప్రతి నిమిషమూ ముఖ్యమే. మనిషిని ముందుకు వంచి, భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. ఫలితం లేకపోతే వెనక నిలబడి, చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. అడ్డు పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. స్పృహ తప్పితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం) మొదలుపెట్టాలి.

అన్నవాహికలో ఇరుక్కున్న మనిషి అలా ఉండడు. మాట్లాడతాడు, ఊపిరీ ఆడుతుంది, మింగడం మాత్రం సాగదు. ఛాతీలో బరువు, నోట్లో ఊరుతున్న లాలాజలం, తాగిన నీళ్లు తాగినట్టే వెనక్కి రావడం కనిపిస్తాయి. ఇక్కడ వీపు మీద బాదినా పొట్ట నొక్కినా లాభం లేదు. పైగా పెళుసెక్కిన పక్కటెముకలు విరగవచ్చు. ఒక్క మినహాయింపు ఉంది. పెద్ద ముద్ద అన్నవాహిక పైభాగంలో ఇరుక్కుంటే ముందున్న శ్వాసనాళాన్ని కూడా నొక్కుతుంది. ఊపిరి కష్టమైతే మరో ఆలోచన లేకుండా 108కి ఫోను చేయండి.

ఎంత తొందర పడాలి? పొద్దున్న దాకా ఆగవచ్చా?

ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఉమ్మి మీరు మింగగలుగుతున్నారా?" పరీక్షించడానికని నీళ్లు పట్టవద్దు. గిన్నె పట్టుకుని ఉమ్ముతూ కూర్చున్నారంటే, నోటి చివర నుంచి చొంగ కారుతోందంటే దారి పూర్తిగా మూసుకుపోయిందని అర్థం.

యూరప్ జీర్ణకోశ ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఉమ్మి కూడా దిగని స్థితిలో వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లోపు ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసి తీయడం) జరగాలి. ఇరుక్కున్నది మొనదేలిన వస్తువైనా, బ్యాటరీ అయినా ఇదే గడువు. ఉమ్మి దిగుతున్నా, నొప్పి లేకపోయినా ఈ రెండింటి విషయంలో గడువు మారదు. మొన లేని వస్తువు ఉండి, ఉమ్మి దిగుతూ ఉంటే 24 గంటల్లోపు తీయాలి. అంటే రాత్రి తొమ్మిదింటికి మాంసం ముక్క ఇరుక్కుని చొంగ కారుస్తున్న మనిషిని పొద్దున్న ఓపీ తెరిచేదాకా కూర్చోబెట్టడం సరికాదు. "రాత్రిపూట ఎందుకులే, అందరికీ శ్రమ" అనే మాట చాలామంది పెద్దవాళ్ల నోటి నుంచే వస్తుంది. ఆ మాట మన్నించకండి.

దారిలో నిటారుగా లేదా కాస్త ముందుకు వంగి కూర్చోబెట్టండి, ఉమ్మడానికి గిన్నె ఇవ్వండి. కూర్చోలేని స్థితి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. వాడుతున్న మందుల చీటీ, చివరిసారి ఎప్పుడు తిన్నారో ఆ సమయం, మింగిన వస్తువుకు జత ఏదైనా మిగిలి ఉంటే అది (విరిగిన పళ్ల సెట్టులో మిగిలిన సగం, అదే రకం మాత్రల రేకు) వెంట తీసుకెళ్లండి.

అన్నం ముద్దో అరటిపండో మింగిస్తే దిగిపోతుందంటారు కదా?

మన ఇళ్లలో తరతరాలుగా చేస్తున్న పని ఇది. చాలాసార్లు పనిచేసినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే చిన్న ముల్లు ముద్ద ఉన్నా లేకపోయినా దానంతటదే జారిపోయేది. జారనిది గట్టిగా గుచ్చుకున్న ముల్లు. దాని మీద ముద్ద పెట్టి తోస్తే మొన గోడలోకి ఇంకా లోతుగా దిగుతుంది. మాంసం ముక్కే అడ్డంగా ఉంటే, దాని మీద అన్నం ఇంకో పొరగా పేరుకుంటుంది. ఆ తర్వాత ఎండోస్కోపీ చేసే వైద్యుడు ముందు ఆ అన్నమంతా తీయాలి. ఈలోగా అది పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పెద్ద వయసులో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఇదే.

కూల్‌డ్రింకు తాగిస్తే గ్యాస్ ఒత్తిడికి దిగిపోతుందన్న నమ్మకం ప్రపంచమంతటా ఉంది. నెదర్లాండ్స్ వైద్యులు దీన్ని 51 మంది మీద పద్ధతిగా పరీక్షించి 2023 చివర్లో ఫలితం ప్రకటించారు. కోలా తాగినవాళ్లకూ, ఊరికే వేచి ఉన్నవాళ్లకూ తేడా కనిపించలేదు. వేలు పెట్టి వాంతి చేయించడం ఇంకా ప్రమాదం. మొన ఉన్న వస్తువు పైకి వస్తూ కూడా చీరుతుంది.

ఇంకొకటి, మన వంటింటికి దగ్గరిది. ముదురు మాంసం ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం. అందులోని పపైన్ మాంసాన్ని మెత్తబరుస్తుంది. ఇదే తర్కంతో ఇరుక్కున్న మాంసాన్ని కరిగించడానికి పపైన్ ద్రావణం తాగించే పద్ధతి వైద్యంలోనే ఒకప్పుడు ఉండేది. అన్నవాహిక గోడ కూడా మాంసమే కదా. చిల్లులు పడ్డాయి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇప్పుడు దాన్ని వాడవద్దనే చెబుతున్నారు.

అసలు ఎక్కడ ఇరుక్కుంటాయి?

పెద్దవాళ్లలో అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పులో ఉండదు. మెడలో అన్నవాహిక మొదలయ్యే చోట ఉంగరంలాంటి కండరం ఉంటుంది, అది అన్నిటికంటే ఇరుకైన చోటు. ఛాతీలో బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం), శ్వాసనాళపు ఎడమ కొమ్మ దాటే చోట మరో నొక్కు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న ఉదరవితానం గుండా దిగే చోట ఇంకొకటి. ముళ్లు, పళ్ల సెట్లు ఎక్కువగా పైచోట చిక్కుకుంటాయి. మాంసం ముద్దలు చాలావరకు కింది భాగంలో ఆగుతాయి.

మెడ దగ్గర ఉన్నదాన్ని రోగి వేలితో సరిగ్గానే చూపిస్తారు. కింద ఉన్నదాన్ని అలా చూపలేరు. ఛాతీ కింది భాగంలో ఇరుక్కున్నా "ఇక్కడే ఉంది" అంటూ గొంతు గుంటనే చూపించడం మామూలు. గొంతు చూసిన వైద్యుడికి ఏమీ కనిపించలేదంటే ఏమీ లేదని కాదు.

వయసు మళ్లినవాళ్లకే ఎందుకు ఎక్కువ?

కారణం ఒక్కటి కాదు. పళ్లు ఊడితే నమలడం సగంలో ఆగుతుంది. పై దవడ సెట్టు అంగిలిని కప్పేస్తుంది. ముద్దలో ఎముక ఉందని, గింజ ఉందని నోటికి తెలియజేసేది ఎక్కువగా ఆ అంగిలే. ప్లాస్టిక్ కింద దానికి ఏమీ తెలియదు. బీపీ, నిద్ర, మూత్రం, అలర్జీ మందుల్లో కొన్ని లాలాజలాన్ని ఎండగడతాయి. పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి మింగే కండరాల పట్టు తప్పిస్తాయి. చూపు మందగించినవాళ్లు మసక వెలుతురులో చేపల కూర తింటారు.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది అన్నవాహికే ఇరుకుగా మారడం. ఏళ్ల తరబడి పైకి తన్నిన ఆమ్లం వల్ల ఏర్పడిన మచ్చ, కింది భాగంలో ఉంగరంలా పెరిగిన పొర, కండరాల కదలిక దెబ్బతినే అకలేసియా, ఎప్పుడో యాసిడ్ తాగడం వల్లో రేడియేషన్ వల్లో మిగిలిన గట్టిదనం, క్యాన్సర్. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న స్త్రీలలో పైభాగంలో పలుచని తెర ఏర్పడడం కూడా ఉంది. పెద్ద వయసులో మామూలు మాంసం ముక్క ఇరుక్కుందంటే తప్పు ముక్కదే అనుకుని వదిలేయకూడదు.

మన ఇళ్లలో ఎక్కువగా ఇరుక్కునేవి ఏవి?

నమలని మాంసం ముక్క ముందు వరుసలో ఉంటుంది. ముదురు మటన్, నాటుకోడి, పెళ్లి విందులో నిలబడి కబుర్లాడుతూ మింగిన బిర్యానీ ముక్క, ముఖ్యంగా మందు పుచ్చుకున్న రోజు. తర్వాత కోడి, మేక ఎముకల చిన్న చిన్న పెళ్లలు. కత్తితో కొట్టినప్పుడు పక్కలు పదునుగా విరిగే ఈ పెళ్లలు కూరలో కనబడవు. తలకూర, కీళ్ల ముక్కలు వండేటప్పుడు ఇవి ఇంకా ఎక్కువ.

చేపల మాట వేరే చెప్పాలి. "పుస్తెలమ్ముకునైనా పులస తినాలి" అన్న గోదావరి వాళ్లు ఆ చేప నిండా ఉండే సన్నని ముళ్ల గురించి సామెత చెప్పలేదు. అలాంటి సన్న ముళ్లు చాలావరకు అన్నవాహిక దాకా పోవు, టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో గుచ్చుకుంటాయి. ఈఎన్‌టీ వైద్యుడు లైటు వేసి చూసి పట్టకారుతో తీసేస్తారు. పెద్ద చేపల గట్టి ముళ్లు, తల ఎముకలు మాత్రం కిందికి వెళ్లి అడ్డంగా నిలబడతాయి.

శాకాహారుల ఇళ్లకు ఈ బెడద లేదనుకోవద్దు. నమలలేక మింగిన మునగకాయ పీచు, తేగ పీచు, ఎండిన రొట్టె ముక్క, ఖర్జూరం గింజ, రేగు గింజ కూడా ఇరుక్కుంటాయి. ఇసబ్‌గోల్ గురించి ఎవరూ హెచ్చరించరు. మలబద్ధకానికని రాత్రి పడుకునే ముందు చెంచాడు పొట్టు నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగితే, అది అన్నవాహికలోనే ఉబ్బి ముద్ద కట్టగలదు. నిండు గ్లాసు నీళ్లు ఉండాల్సిందే. మింగడంలో ముందునుంచే ఇబ్బంది ఉన్నవాళ్లకు అది అసలు పనికిరాదు.

మాత్రను రేకుతో సహా ఎవరైనా మింగుతారా?

మింగుతారు, తెలియకుండానే. పది మాత్రల రేకును కత్తిరించి, "ఇది పొద్దున్నది, ఇది రాత్రిది" అని విడివిడి ముక్కలుగా డబ్బాలో సర్దేది ప్రేమగల పిల్లలే. చూపు ఆనని పెద్దాయన ఆ ముక్కను అలాగే నోట్లో వేసుకుని నీళ్లు తాగుతారు. కత్తిరించిన రేకుకు నాలుగు మూలలు, నాలుగూ బ్లేడులాంటివే. జపాన్‌లో ఇలాంటి ప్రమాదాలు పెరిగి, 1996 నుంచి రేకుల మీద చింపే గీతలు ఒకే దిశలో ఉండేలా మార్చారు, ఒక్కో మాత్రను విడిగా చించడానికి వీలు లేకుండా. మన కత్తెరలకు అలాంటి అడ్డు లేదు.

డబ్బాలో పెట్టాలనుకుంటే మాత్రను రేకు నుంచి బయటికి తీసి పెట్టండి. గాలి, తేమ తగిలితే పాడయ్యే మాత్రలు కొన్ని ఉంటాయి. వాటిని రేకు కత్తిరించకుండా అలాగే ఉంచి, వేసుకునే వేళకు తీసి చేతికివ్వండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇంటికి వచ్చేయవచ్చా?

రోగికి ఇబ్బంది తగ్గకపోతే రాకండి. ఎక్కువ కుటుంబాలు మోసపోయేది ఇక్కడే.

కట్టుడు పళ్లలో గులాబీ రంగు చిగురు భాగం అక్రిలిక్ ప్లాస్టిక్. అది మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. లోహపు కొక్కెం ఉంటే ఆ తీగ మాత్రం సన్నగా కనబడుతుంది, చూసేవారికి దాని గురించి ముందే తెలిస్తేనే గుర్తుపడతారు. మాత్రల రేకు దాదాపు కనిపించదు. చేప ముళ్లు కొన్ని జాతులవి కనబడతాయి, కొన్నిటివి కనబడవు. మాంసం ముద్ద అసలే కనిపించదు. అందుకే అనుమానం బలంగా ఉన్నప్పుడు సీటీ స్కాన్ చేస్తారు. ముళ్లను, ఎముకలను అది చాలా బాగా పట్టుకుంటుంది. గోడకు చిల్లు పడిందా, చుట్టూ చీము చేరిందా అన్నదీ అందులో తెలుస్తుంది. ఉమ్మి కూడా దిగని మనిషికి స్కాన్ కోసం ఎదురుచూడకుండా నేరుగా ఎండోస్కోపీకి తీసుకెళ్లడమూ సరైనదే.

బేరియం తాగించి తీసే ఎక్స్‌రే ఈ స్థితిలో మంచిది కాదు. దారి మూసుకున్నచోట అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, లోపలంతా తెల్లగా పూసుకుని ఎండోస్కోపీ చేసేవారికి ఏమీ కనబడనివ్వదు. ఎవరైనా రాసిస్తే, "ముందు ఎండోస్కోపీ చేయరా?" అని మర్యాదగా అడగండి.

ఛాతీలో నొప్పి అంటున్నారు. గ్యాసా, గుండెనా, ఇరుక్కోవడమా?

ఇంట్లో తేల్చలేరు. గుండెపోటు కూడా భోజనం తర్వాత ఛాతీ బరువుగా మొదలవుతుంది. ఆసుపత్రిలో ఈసీజీ తీయడం సరైన పనే, కాదనకండి. కానీ "తింటుంటే మొదలైంది, అప్పటి నుంచి నీళ్లు దిగడం లేదు" అన్న మాట వైద్యుడికి చెప్పడం మరచిపోకండి. ఈసీజీ బాగుందని గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుని తిరిగి వచ్చినవాళ్లలో, మింగలేకపోవడం గురించి ఎవరూ అడగనివాళ్లు, ఎవరూ చెప్పనివాళ్లు ఉంటారు.

మతిమరుపు ఉన్న అమ్మగారు ఏమైందో చెప్పలేరు. ఎలా తెలుసుకోవాలి?

తినడానికి ఒక్కసారిగా మొరాయించడం, పెట్టింది ఉమ్మేయడం, చొంగ, కొత్తగా మొదలైన దగ్గు, మెడ పట్టుకోవడం, కారణం తెలియని జ్వరం. వీటిని "మొండితనం" అనుకుని గసరవద్దు. ముందు పళ్ల సెట్టు ఎక్కడుందో వెతకండి. దిండు కింద, బాత్‌రూములో, చీర కొంగులో ఎక్కడా దొరకకపోతే మింగి ఉండవచ్చనే అనుకోవాలి. మతిమరుపు ఉన్నవాళ్లు బొత్తాలు, బ్యాటరీలు, పూజ దగ్గర నాణేలు కూడా నోట్లో పెట్టుకుంటారు. కొందరిలో పళ్ల సెట్టు రోజుల తరబడి లోపలే ఉండిపోయి, న్యుమోనియా అనుకుని తీసిన స్కాన్‌లో బయటపడుతుంది.

వినికిడి యంత్రం బ్యాటరీ మాత్ర అనుకుని మింగేశారు. ప్రమాదమా?

ఆ పొరపాటు జరిగేదే. రెండూ చిన్నవి, గుండ్రనివి, రెండూ మంచం పక్క బల్ల మీదే ఉంటాయి. వినికిడి యంత్రాల బ్యాటరీలు ఎక్కువ రకాలు 8 మిల్లీమీటర్ల లోపు వెడల్పు ఉంటాయి కాబట్టి చాలావరకు పొట్టలోకి జారిపోతాయి. కానీ జారిందో లేదో తెలియాలంటే ఎక్స్‌రే ఒక్కటే దారి. బాధ ఏమీ లేకపోయినా వెంటనే తీయించండి. రిమోట్లు, బరువు తూచే యంత్రాల్లో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం బ్యాటరీ అన్నవాహికలో ఆగితే 2 గంటల్లోనే గోడ కాలిపోవడం మొదలవుతుంది. లోపలున్నది కారడం వల్ల మాత్రమే కాదు, విద్యుత్తు ప్రవహించి చుట్టూ క్షారం తయారవడం వల్ల ఆ కాలిన గాయం. కాబట్టి "పాత బ్యాటరీయే కదా" అన్న ధీమా పనికిరాదు.

ఎనభై ఏళ్ల మనిషికి ఎండోస్కోపీ తట్టుకుంటుందా? ఎలా తీస్తారు?

తీయకుండా వదిలేసే ప్రమాదంతో పోలిస్తే తీయడమే చాలావరకు క్షేమం. నోటి ద్వారా కెమెరా ఉన్న మెత్తని గొట్టం పంపి, వస్తువును బట్టి వలలాంటి సంచితోనో, తీగ ఉచ్చుతోనో, పళ్లున్న పట్టకారుతోనో పట్టి లాగుతారు. మొన ఉన్న వస్తువు వస్తూ వస్తూ గోడను చీల్చకుండా గొట్టం చివర రబ్బరు తొడుగో, చుట్టూ ఇంకో పెద్ద గొట్టమో వాడతారు. మెత్తని మాంసం ముద్దను ఒక్కోసారి పొట్టలోకి సున్నితంగా నెట్టేస్తారు, దాని కింద అడ్డంకి ఏమీ లేదని చూసుకున్నాకే. మెడ దగ్గర గట్టిగా పాతుకున్న పళ్ల సెట్టు లాంటివాటికి ఈఎన్‌టీ వైద్యులు పూర్తి మత్తులో నిటారైన లోహపు గొట్టంతో తీస్తారు. ఎండోస్కోపీతో రానివి, చిల్లు పడినవి ఆపరేషన్ దాకా వెళతాయి. అలాంటి కేసులు చాలా తక్కువ.

ఈ లోహపు గొట్టాల విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ (1865–1958). రోగుల గొంతుల నుంచి తీసిన 2,374 వస్తువులను ఆయన భద్రపరిచాడు. అవి ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. పిన్నీసులు, బొత్తాలు, ఎముకలు, కట్టుడు పళ్లు.

వైద్యుడికి మీరు తప్పకుండా చెప్పాల్సినవి: రక్తం పలచబడే మందులు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి) వాడుతున్నారా, గుండెలో పేస్‌మేకర్ ఉందా, షుగరు మాత్రలు ఎప్పుడు వేసుకున్నారు. మత్తు ఇచ్చే వైద్యుడికి ఇవి కావాలి.

మాది చిన్న ఊరు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

దగ్గరున్న క్లినిక్కుకు కాదు, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి. బయలుదేరే ముందు ఫోను చేసి, "ఈ రాత్రి గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు గానీ ఈఎన్‌టీ సర్జన్ గానీ ఉన్నారా, మత్తు డాక్టరు వస్తారా?" అని అడగండి. ఆ మూడు ముక్కలు మీకు రెండు ఆసుపత్రుల తిరుగుడు తప్పిస్తాయి. ఊపిరి కష్టం, రక్తం, స్పృహ తగ్గడం ఉంటే మాత్రం ఎంపికలు మానేసి 108లో దగ్గరి పెద్దాసుపత్రికి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే తీసుకెళ్లి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

ముల్లు దిగిపోయినట్టే ఉంది, కానీ ఇంకా గుచ్చుకుంటోంది. ఎందుకు?

వెళ్లే దారిలో గీసిన గీత నొప్పి పుడుతుంది, ముల్లు ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇది రోజుకు రోజు తగ్గుతూ ఒకటి రెండు రోజుల్లో పోవాలి. మింగినప్పుడల్లా ఒకేచోట పొడుస్తున్నా, నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా అది గీత కాదనుకుని చూపించండి. ఆ రెండు రోజులు ఎదురుచూడడం కూడా ఉమ్మి, నీళ్లు హాయిగా దిగుతున్నవాళ్లకే.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుంది?

మొన గోడను దాటితే చుట్టూ చీము చేరుతుంది. మెడలోనైతే వాపు, మెడ తిప్పలేకపోవడం, చర్మం నొక్కితే కింద గాలి బుడగలు చిటపటలాడడం. ఛాతీలోనైతే తీవ్రమైన నొప్పి, జ్వరం, ఆయాసం. దీన్ని మందులతో మాత్రమే నెగ్గుకురావడం కష్టం.

అరుదైనదే అయినా ఒకటి తెలిసి ఉండాలి. అన్నవాహికకు ఆనుకునే బృహద్ధమని వెళుతుంది. ముల్లు దాన్ని తాకితే ముందు ఛాతీ నొప్పి, తర్వాత నోటి నుంచి కాస్త రక్తం, ఆ తర్వాత గంటలపాటో రోజులపాటో ఏమీ లేనట్టు నిమ్మళం, చివరికి ఆపలేని రక్తస్రావం. ముల్లు మింగిన కొద్ది రోజులకు నోటి నుంచి కాస్త రక్తం పడినా, అది ఆగిపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పొట్టలోకి జారిపోయింది అన్నారు. ఇక భయం లేదా?

పొట్టలోకి చేరిన వస్తువుల్లో ఎక్కువ భాగం మలంతో వెళ్లిపోతాయి. అయితే 2.5 సెంటీమీటర్ల కంటే వెడల్పైనవి పొట్ట ద్వారం దాటడం కష్టం. 6 సెంటీమీటర్ల కంటే పొడవైనవి చిన్న పేగు మొదటి వంపులో ఆగిపోతాయి. ఇలాంటివాటినీ, మొన ఉన్నవాటినీ పొట్టలో అందుబాటులో ఉండగానే తీసేయడం మంచిది. మిగతావాటికి వైద్యుడు గమనిస్తూ ఉంటారు. విరేచనాల మందు మీరే వేయకండి. కడుపునొప్పి, వాంతులు, నల్లటి మలం వస్తే వెంటనే వెళ్లండి.

తీసేశారు, ఇంటికి పంపారు. అంతటితో అయిపోయిందా?

ముల్లు అయితే దాదాపు అయిపోయినట్టే. ఆహారం ముద్ద అయితే మాత్రం ఇంకో ప్రశ్న మిగిలే ఉంది: అది అక్కడ ఎందుకు ఆగింది? డిశ్చార్జి చీటీలో "ముద్ద తొలగించాం" అని మాత్రమే ఉంటే, అన్నవాహిక ఇరుకుగా కనిపించిందా, బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క) తీశారా, మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడు అని అడిగి రాయించుకోండి. ఆ రోజు వాపు వల్ల సరిగ్గా కనబడకపోతే కొన్ని వారాల తర్వాత పిలుస్తారు. బాధ లేదు కదా అని ఆ తేదీకి వెళ్లకపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఇరుకును బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు, ఆమ్లాన్ని తగ్గించే మందులు ఇస్తారు. ముందు గట్టివి, తర్వాత మెత్తవి, ఆ తర్వాత నీళ్లు కూడా కష్టమవుతూ, బరువు తగ్గుతూ ఉన్నవాళ్లలో క్యాన్సర్ లేదని తేల్చుకోవాల్సిందే.

పళ్ల సెట్టు విషయంలో ఏ జాగ్రత్తలు?

వదులైన సెట్టును, కొక్కెం విరిగినదాన్ని, ఇంట్లో జిగురుతో అతికించినదాన్ని వాడనివ్వకండి. చిగుళ్లు కాలంతో అరుగుతాయి, పదేళ్ల కిందటి సెట్టు ఇప్పుడు అదే నోటికి సరిపోదు. ఒకటి రెండు పళ్లున్న చిన్న సెట్లే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అవి మింగడానికి వీలైన సైజులో ఉంటాయి, కొక్కేలు లోపల గుచ్చుకుంటాయి. రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి. ఆపరేషన్‌కు ముందు, మూర్ఛ జబ్బు ఉంటే, మద్యం తాగిన రాత్రి తప్పనిసరిగా తీయాలి. కొత్తది చేయించేటప్పుడు ఎక్స్‌రేలో కనబడేలా లోహం ఏదైనా ఉంటుందా అని దంతవైద్యుడిని అడగవచ్చు.

మాత్రలు గొంతులో అంటుకుంటున్నాయంటారు. ఏం చేయాలి?

నిలబడి గానీ కూర్చుని గానీ, ముందు ఒక గుక్క, మాత్ర, ఆ వెనక నిండు గ్లాసు నీళ్లు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకు కొలత ఉన్నవాళ్లు వైద్యుడిని అడిగి ఆ కొలతలోనే సర్దుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. డాక్సీసైక్లిన్, ఐరన్, పొటాషియం మాత్రలు అన్నవాహికలో ఆగితే అక్కడే పుండు చేస్తాయి. ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్ అయితే పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట దాకా నిటారుగానే ఉండాలి. పెద్ద మాత్రలకు బదులు సిరప్ ఉందా అని అడగండి. అడగకుండా పొడి చేయవద్దు, కొన్ని నెమ్మదిగా కరిగేలా తయారుచేసినవి.

నాన్నగారు భయపడి గట్టిదేదీ తినడం లేదు. జావతోనే కాలం గడుపుతున్నారు.

భయం సహజమే, కానీ నెలలపాటు జావతో ఉంటే కండ తగ్గుతుంది. మింగే కండరాలూ అందులో భాగమే. కారణం తేలి, వైద్యుడు సరే అన్నాక మెల్లగా మార్చండి. మెత్తగా ఉడికిన పప్పు, పెరుగన్నం, గుడ్డు, తర్వాత ఎముక తీసిన కైమా లేదా ముళ్లు తీసిన చేప. ముళ్లు మీరు వెలుతురులో తీసి పెట్టండి, పళ్లెం పక్కన ఒక గ్లాసు నీళ్లు ఉంచండి. తినేటప్పుడు టీవీ ఆపి, ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోండి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే మింగడంలో శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టులు ఉంటారు. తల ఎలా ఉంచాలో, ఒక్కో ముద్ద ఎంత ఉండాలో వాళ్లు చూపిస్తారు. పెద్ద నగరాల ఆసుపత్రుల్లో వాళ్లను అడిగితే దొరుకుతారు.